అందరూ తలూపుతారు, ఎవరూ చేయరు

ప్రశ్న: నేను ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తను. ఈ పనిలో చేరి ఏడాది దాటింది. గర్భిణులు, బాలింతలు, రెండేళ్లలోపు పిల్లలున్న ఇళ్లు నా బాధ్యత. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే పట్టాలి, ఆ తర్వాత పాలతో పాటు చిక్కటి ఆహారం మొదలుపెట్టాలి అని శిక్షణలో నేర్పినవన్నీ వెళ్లిన ప్రతి ఇంట్లో చెబుతూనే ఉన్నాను. అందరూ తలూపుతారు. మళ్లీ వెళ్లేసరికి రెండు నెలల బిడ్డ నోట్లో సీసా ఉంటుంది. ‘పాలు చాలడం లేదండీ’ అంటారు. తొమ్మిది నెలల బిడ్డకి ఇంకా నీళ్లలాంటి జావే పడుతుంటారు. ఇంట్లో పెద్దవాళ్లయితే ‘మేం ఇంతమందిని పెంచలేదా? పిల్లల్లేని దానివి, నువ్వు మాకు చెప్పేదేంటి’ అని మొహం మీదే అనేస్తారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పైవాళ్లకి ఎన్ని ఇళ్లు తిరిగానన్నదే కావాలి. లోపం నేను చెప్పడంలో ఉందా, వాళ్లు వినడంలో ఉందా? అసలు నేను తిరగడం వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా?

జవాబు: మీ ఆఖరి ప్రశ్న ముందు తీసుకుంటాను. ఉపయోగం ఉంది. మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదిది, లెక్కలున్నాయి. మెక్సికో నగరం అంచున ఉన్న ఒక ప్రాంతంలో శిక్షణ పొందిన మామూలు మహిళలు ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడితే ఏమవుతుందో పరిశోధకులు చూశారు. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరుసార్లు వెళ్లిన ఇళ్లలో మూడు నెలల వయసుకి తల్లిపాలు మాత్రమే తాగుతున్న పిల్లలు 67 శాతం. మూడుసార్లు వెళ్లిన ఇళ్లలో 50 శాతం. ఎవరూ వెళ్లని ఇళ్లలో 12 శాతం. ఆ మరుసటి ఏడాది ఢాకా నుంచి వచ్చిన ఫలితాలు ఇంకా గట్టివి. అక్కడ ఇళ్లకు వెళ్లినవాళ్లు ఆ చుట్టుపక్కల ఉండే తల్లులే. ఐదు నెలల వయసుకి వాళ్లు వెళ్లిన ఇళ్లలో 70 శాతం పిల్లలు తల్లిపాల మీదే ఉంటే, వెళ్లని చోట 6 శాతం మాత్రమే ఉన్నారు.

అయితే ఆ మెక్సికో లెక్కలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మూడు సందర్శనల ఇళ్లు. మూడంటే మూడుసార్లే వెళ్లి సగం మంది దాకా తీసుకురాగలిగారు. ఆ మూడూ కాన్పును అంటిపెట్టుకుని ఉన్నాయి: నెలలు నిండే రోజుల్లో ఒకసారి, పుట్టాక మొదటి వారం, రెండో వారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా కనీసం ఆరుసార్లు తల్లితో కూర్చుని మాట్లాడాలంటాయి. గర్భంతో ఉన్నప్పుడు, పుట్టిన వెంటనే రెండు మూడు రోజుల్లో, ఒకటి రెండు వారాలకి, మూడు నాలుగు నెలలకి, ఆరు నెలలకి, ఆ తర్వాత. రిజిస్టర్‌లో ప్రతి ఇల్లూ ఒక టిక్కే కావచ్చు. కానీ మూడో రోజు వెళ్లిన ఇల్లూ, మూడో నెలలో వెళ్లిన ఇల్లూ ఒకటి కావు. రెండు నెలల బిడ్డ నోట్లో సీసా కనపడిందంటే ఆ ఇంట్లో అసలు కథ మొదటి పదిహేను రోజుల్లోనే నడిచి ఉంటుంది. ఆ రోజుల్లో మీరు వెళ్లారా? మీకున్న ఇళ్లన్నీ సమానంగా తిరగాలని చూస్తే అది కుదరదు. ఈ వారం కాన్పయిన ఇల్లు, బిడ్డకి ఆరో నెల నిండబోతున్న ఇల్లు, జబ్బు నుంచి లేచిన బిడ్డ ఉన్న ఇల్లు, ఈ మూడింటికీ ముందు వెళ్లండి. మిగతావి కాస్త ఆగినా ఫర్వాలేదు.

ఇక చెప్పడంలో లోపమా అన్నారు. మీ ఉత్తరంలో ‘చెబుతూనే ఉన్నాను’ అన్న మాట ఉంది చూశారా, చిక్కు అక్కడే ఉందనిపిస్తోంది. మీరు చెప్పేవన్నీ సరైనవే. ఆ తల్లికి అవి దాదాపు తెలిసినవే కూడా. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలని ఆమె ఈపాటికి ఎన్నోసార్లు విని ఉంటుంది. ఆమె దగ్గర లేనిది వేరే: రాత్రి రెండు గంటలకి బిడ్డ ఆగకుండా ఏడుస్తుంటే, పక్కన నలుగురూ ‘పాలు లేవేమో’ అంటుంటే ఏం చేయాలన్నది. దానికి మీ సందేశాల పట్టికలో జవాబు ఉండదు. ఆమె పక్కన కూర్చుంటేనే దొరుకుతుంది.

‘పాలు చాలడం లేదు’ అన్న మాటనే తీసుకుందాం. ఆరు నెలల లోపే పైపాలు మొదలుపెట్టడానికి తల్లులు చెప్పే కారణాల్లో బహుశా అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ఇదే. దీనికి మనం ఠక్కున ఇచ్చే జవాబు ‘ఎందుకు చాలవమ్మా, చాలతాయి’. అంతటితో ఆమె నోరు మూతపడుతుంది. మీరు వెళ్లగానే సీసా బయటికొస్తుంది. ‘చాలడం లేదని మీకు ఎలా అనిపించింది?’ అని అడిగి చూడండి. వచ్చే జవాబులు దాదాపు ఇవే. సాయంత్రమయ్యేసరికి ఊరికే ఏడుస్తోంది. గంట గంటకీ పాలకి వస్తోంది. మొదట్లో రొమ్ములు రాళ్లలా గట్టిగా ఉండేవి, ఇప్పుడు మెత్తబడిపోయాయి. పిండితే నాలుగు చుక్కలే వస్తున్నాయి. సీసా ఇస్తే గటగటా తాగేసింది, అంటే ఆకలితో ఉన్నట్టేగా.

వీటిలో ఒక్కటీ పాలు తక్కువని రుజువు చేయదు. మొదటి వారాలు గడిచాక బిడ్డ అవసరానికి తగ్గట్టు పాలు కుదురుకుంటాయి, అందుకే రొమ్ములు మెత్తబడతాయి. సాయంత్రాలు వెంటవెంటనే పాలకి రావడం చాలామంది పసిపిల్లలు చేసే పనే. సీసా పీకని నోట్లో పెడితే చీకడం పసిబిడ్డకి సహజం, పాలు దానంతట అవే కారుతుంటే మింగక ఏం చేస్తుంది? నమ్మదగ్గ గుర్తులు రెండే. ఒకటి బరువు. మొదటి కొన్ని రోజుల్లో కాస్త తగ్గి, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి చేరి, ఆ తర్వాత నెలకి కనీసం 500 గ్రాములు పెరగాలి. రెండోది మూత్రం. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ మొదటి వారం దాటాక రోజుకి ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ, పల్చగా పోస్తుంటే పాలు అందుతున్నట్టే. ‘నిన్న పొద్దుటి నుంచి ఎన్నిసార్లు గుడ్డలు మార్చారు?’ అని అడగండి. ఆమె వేళ్లు మడిచి తనే లెక్కపెట్టుకుంటుంది. ఏడో ఎనిమిదో వచ్చాక ఆమె మొహంలో వచ్చే తేడా మీరు ఎంత చెప్పినా రాదు.

సీసా ఎందుకు ప్రమాదమో కూడా వివరంగా తెలిసి ఉండాలి, ఎందుకంటే ‘మంచిది కాదు’ అంటే ఎవరూ నమ్మరు. బిడ్డ చీకుతుంటే తల్లి మెదడు నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ విడుదలై పాలు తయారవుతాయి, రాత్రిపూట అది ఇంకా ఎక్కువ. ఆక్సిటోసిన్ అనే మరో హార్మోన్ ఆ పాలు బయటికి వచ్చేలా చేస్తుంది. రొమ్ము ఖాళీ అయితే త్వరగా నిండుతుంది, నిండుగా ఉండిపోతే తయారీ మందగిస్తుంది. రాత్రి ఒక సీసా పట్టారనుకోండి. బిడ్డ గాఢంగా నిద్రపోతుంది, ఒక పూట చీకడం తప్పిపోతుంది. రోజూ అలాగే సాగితే వారం, రెండు వారాలకి పాలు నిజంగానే తగ్గుతాయి. లేని భయం ఉన్న భయమైపోతుంది. అప్పుడు ‘చూశారా, నేను ముందే అన్నాను’ అనే పెద్దావిడ మాటా నిజమైపోతుంది! పాలపొడి కంపెనీల ప్రచారం కూడా సరిగ్గా ఈ భయం మీదే బతుకుతుంది. ఆ ప్రచారానికి కళ్లెం వేయడానికే 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది.

ఆ తర్వాత అడగాల్సింది ఒక్కటే: ‘బిడ్డ పాలకి లేచినప్పుడు నేను కాసేపు పక్కన కూర్చోవచ్చా?’ మీ శిక్షణలో దీని మీద ఎంతసేపు గడిపారో తెలియదుగానీ, నా లెక్కలో మీ ఉద్యోగం మొత్తంలో అన్నిటికంటే విలువైన పావుగంట ఇదే. ఏం చూడాలి? బిడ్డ తల ఒకవైపు, ఒళ్లు ఒకవైపు తిరిగి ఉందా, లేక రెండూ ఒకే వరుసలో తల్లికి ఆనుకుని ఉన్నాయా. నోరు బాగా తెరిచి పట్టుకుందా, చనుమొన చివర మాత్రమే పట్టుకుందా. గడ్డం రొమ్ముకి తగులుతోందా. కింది పెదవి బయటికి మడిచి ఉందా. చనుమొన చుట్టూ ఉండే ముదురు రంగు వలయం బిడ్డ పై పెదవి పైన ఎక్కువగా, కింద తక్కువగా కనపడాలి. మొదట గబగబా చీకి, పాలు రావడం మొదలయ్యాక నిదానంగా, లోతుగా చీకుతూ మధ్యమధ్య ఆగుతుంది. గుటక వేసిన చప్పుడు వినపడుతుంది. తల్లి పళ్లు బిగించి ఓర్చుకుంటోందంటే పట్టు సరిగా లేదని అర్థం. శుభ్రమైన చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి నెమ్మదిగా విడిపించి, మళ్లీ పట్టించమని చెప్పండి. మీరు బిడ్డ తల పట్టుకుని నొక్కకండి, మీ చేత్తో మీరు సర్దకండి. ఒక బొమ్మతోనో, మడిచిన తువ్వాలుతోనో ఎలా పట్టుకోవాలో చూపించి, పని ఆమె చేతే చేయించండి. మీరు చేసి పెడితే మీరున్నంతసేపే బాగుంటుంది.

చూసినవాటిలో నాలుగు లోపాలు కనపడ్డా నాలుగూ చెప్పకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1993లో తయారుచేసిన తల్లిపాల కౌన్సెలింగ్ శిక్షణలో ఒక నియమం ఉంది: ఆజ్ఞలు వద్దు, ఒకటి రెండు సూచనలు చాలు. అందులోనే ఇంకోటి, తీర్పు చెప్పే మాటలు వాడకండి అని. ‘పాలు సరిగ్గా పడుతున్నారా?’ అనేది మనకి మామూలు ప్రశ్నే. వినే తల్లికి అది పరీక్ష. ‘ఆఁ, పడుతున్నానండీ’ అని తలూపుతుంది, అక్కడితో సరి. మీరు చూసి విసిగిపోయిన తలూపుడు చాలావరకు మన ప్రశ్నలు పుట్టించేదే. ‘నిన్న రాత్రి నుంచి బిడ్డ ఎలా తాగింది?’ అంటే ‘ఆఁ’ అని తప్పించుకోవడానికి వీల్లేదు, ఏదో ఒకటి చెప్పాలి. చెప్పిన దాంట్లో బాగున్నది ఒకటి పట్టుకుని ముందు అది చెప్పండి. రాత్రి లేచి పట్టారా, మంచి పని చేశారు, రాత్రి చీకితేనే పాలు బాగా పెరుగుతాయి అని. ఆ తర్వాత ఒక్క మార్పు, అదీ ఆమె ఒప్పుకున్నది. ‘రాత్రి సీసా పూర్తిగా మానేయడం ఇప్పుడే కుదరదంటున్నారు కదా, సీసాకి ముందు రెండువైపులా రొమ్ము పట్టి చూద్దామా? మూడు రోజుల్లో మళ్లీ వస్తాను.’ అంతే, లేచి వచ్చేయండి. మిగతా సందేశాలు మీ సంచిలోనే ఉండనివ్వండి.

పెద్దావిడ మాట మిమ్మల్ని బాగానే గుచ్చినట్టుంది. దానికి జవాబు లేదన్నారు. ఉంది, చాలా చిన్నది: ‘నిజమే, మీ అనుభవం నాకు లేదు. అందుకే మిమ్మల్నే అడుగుదామని వచ్చాను. మీ పిల్లలప్పుడు పాలు తక్కువనిపిస్తే ఏం చేసేవారు?’ ఇది నటనగా అడగొద్దు. ఆవిడ చెప్పేదాంట్లో మీకు పనికొచ్చేది తప్పకుండా ఉంటుంది, తీసుకోకూడనిదీ ఉంటుంది. పనికొచ్చేదాన్ని అందరి ముందూ మెచ్చుకోండి. ప్రమాదమైనది, అంటే పుట్టగానే తేనె, నీళ్లు నాకించడం లాంటిది, మాత్రం వదలకండి. ఏడాది లోపు పిల్లలకి తేనె వల్ల బొటులిజం అనే జబ్బు రావచ్చు. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే ఉంటాయి కాబట్టి ఎండాకాలంలోనూ విడిగా నీళ్లు అక్కర్లేదు. ఆవిడ ‘తప్పు’ చేసిందని అనకుండా, ఇప్పుడు కొత్తగా తెలిసిన సంగతిగా చెబితే వినడం సులువు. ఇంటి పిల్ల ముందు పెద్దావిడని ఓడిస్తే ఆ ఇంటి తలుపు మీకు మూసుకుపోయినట్టే. ఆవిడకి ఒక పని అప్పగించి చూడండి. పాలు తాగాక బిడ్డని ఎత్తుకుని తల్లిని ఓ గంట పడుకోనివ్వడం, లేదా ఆరు నెలలు దాటిన బిడ్డకి గిన్నెలో తినిపించే బాధ్యత. తండ్రి ఇంట్లో ఉంటే ఆయన్నీ కూర్చోబెట్టండి. డబ్బా పాలు కొనుక్కొచ్చేది చాలాసార్లు ఆయనే.

ఇప్పుడు ఆ నీళ్లజావ సంగతి. ఎందుకు పల్చగా చేస్తున్నారని ఎప్పుడైనా అడిగారా? బిడ్డ గొంతులో అడ్డం పడుతుందనే భయం ఉంటుంది. నాలుక్కి తగలగానే బయటికి నెట్టేసింది, ఇష్టం లేదేమో అనుకుంటారు. పల్చగా ఉంటే త్వరగా తాగించేయవచ్చు, పని తెములుతుంది. ఏ భయమో తెలియకుండా ‘చిక్కగా చేయండి’ అంటే ఉపయోగం లేదు. లెక్క మాత్రం మొండిది. బిడ్డ పొట్ట కిలో బరువుకి సుమారు 30 గ్రాములే పట్టుకుంటుంది. అంటే ఎనిమిది కిలోల బిడ్డకి ఒక పూట పట్టేది 240 గ్రాములకి మించదు. అందులో ఎక్కువ భాగం నీళ్లే అయితే కడుపు నిండుతుంది, ఒంటికి ఏమీ అందదు. సగటున తల్లిపాలు తాగే బిడ్డకి పాలు కాక ఆహారం నుంచి 6 నుంచి 8 నెలల మధ్య రోజుకి 200 కేలరీలు, 9 నుంచి 11 నెలల మధ్య 300, ఏడాది దాటాక 550 దాకా కావాలి.

కేలరీల గొడవ తల్లికి చెప్పకండి. వాళ్ల చెంచానే తీసుకోండి. జావ ఒక చెంచాతో తీసి, చెంచాని పక్కకి వంచండి. నీళ్లలా జారిపోతే చాలదు. చెంచాకి అంటుకుని ఉండి, నెమ్మదిగా ముద్దలా జారాలి. అదే గిన్నెలో నీళ్లు తగ్గించి, మెత్తగా మెదిపిన పప్పో, గుడ్డో, కాస్త నూనో కలిపి మళ్లీ వంచి చూపించండి. ఆమెనే ఒక చెంచా బిడ్డకి పెట్టమనండి. బిడ్డ మింగుతుంది, అడ్డం పడదు. ఆ భయం అక్కడే పోతుంది. నాలుకతో నెట్టేయడం కొత్త రుచికి మొదట్లో సహజం. కొన్ని రోజులు మళ్లీ మళ్లీ పెట్టి చూస్తే చాలామంది పిల్లలు అలవాటు పడతారు. పెరూలోని ట్రుహిల్యో నగరంలో ఆరోగ్య కేంద్రాల సిబ్బంది ముఖ్యమైన కొన్ని మాటలే పట్టుకుని తల్లులకి చెప్పారు. అందులో ఒకటి, చిక్కటి గుజ్జు ఒక వంతు మూడు వంతుల సూప్‌తో సమానం, అదే ముందు పెట్టండి అని. 2005లో వచ్చిన ఆ ఫలితాల్లో, పద్దెనిమిది నెలల వయసుకి ఎదుగుదల కుంటుపడ్డ పిల్లలు ఈ కేంద్రాల పరిధిలో 5 శాతం, మిగతా చోట 16 శాతం.

చిక్కదనం కుదిరాక, తర్వాతి సందర్శనలో రకాల సంగతి ఎత్తండి. తల్లిపాలతో కలిపి ఎనిమిది ఆహార వర్గాలుంటాయి. ధాన్యాలు దుంపలు, పప్పులు గింజలు, పాల పదార్థాలు, మాంసం చేపలు, గుడ్లు, విటమిన్ ‘ఎ’ ఎక్కువగా ఉండే పళ్లు కూరలు, మిగతా పళ్లు కూరలు. రోజుకి వీటిలో కనీసం ఐదు అందాలన్నది కొలమానం. ఆరు నెలలకల్లా పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు తగ్గిపోతాయి కాబట్టి మాంసం, చేప, గుడ్డు తినే ఇళ్లలో అవి ఏడాది దాటేదాకా ఆపి ఉంచడం మంచిది కాదు. బిడ్డకి విడిగా ఒక గిన్నె ఉండాలి, లేకపోతే ఎంత తిన్నదో ఎవరికీ తెలియదు. బలవంతంగా కుక్కడం, ఏడుస్తున్నా నోట్లో పోయడం వద్దు. కళ్లలోకి చూస్తూ, మాట్లాడుతూ, ఆగి ఆగి పెట్టాలి. దీనికి టైం పడుతుంది, ఆ టైం ఎవరిదో ఇంట్లో వాళ్లు తేల్చుకోవాలి. ఒక్కమాట, ఇంట్లో గింజలే లేనప్పుడు రకాల గురించి ఉపన్యాసం ఇవ్వడం అవమానించడమే. ముందు ఆ కుటుంబానికి అందాల్సిన సాయం ఏదైనా ఉంటే అందేలా చూడండి.

కౌన్సెలింగ్‌తో పనిలేని సందర్భాలూ ఉంటాయి. పాలు తాగలేని, మగతగా ఉన్న, ఆయాసపడుతున్న బిడ్డ, జ్వరం వచ్చిన రెండు నెలలలోపు పసిబిడ్డ, రెండు పాదాలకీ వాపున్న బిడ్డ, ఆరు నెలలు దాటాక దండచుట్టు కొలత (భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత) 115 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉన్న బిడ్డ కనపడితే మాటలు ఆపి వెంటనే ఆసుపత్రికి పంపండి.

మీ పైవాళ్ల గురించి నేను చేయగలిగింది తక్కువ. కానీ రిజిస్టర్‌లో టిక్ పక్కన కాస్త ఖాళీ ఉంటుంది కదా, ఆ ఇంట్లో ఒప్పుకున్న ఒక్క మార్పు అక్కడ రాయండి: ‘సీసాకి ముందు రొమ్ము’, ‘జావలో పప్పు’. మళ్లీ వెళ్లినప్పుడు దాంతోనే మొదలుపెట్టండి, ‘పోయినసారి అనుకున్నది కుదిరిందా?’ అని. కుదరలేదంటే ‘ఎందుకు చేయలేదు’ అనకుండా ‘ఏం అడ్డొచ్చింది’ అని అడగండి. తర్వాతి సమావేశంలో ఆ పేజీ చూపించి, ఒక్క ఇంటికి మీతో రమ్మని మీ పర్యవేక్షకురాలిని పిలవండి.

మొదట ఏ ఇంటికి అంటే, ఆ రెండు నెలల బిడ్డ ఇంటికే. ఎదుగుదల కార్డు అడిగి బరువు చూడండి. నెలకి 500 గ్రాములు పెరుగుతుంటే ధైర్యం చెప్పి, బిడ్డ చీకే తీరు చూసి, సీసా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చే పద్ధతి ఆమెతో కలిసి ఆలోచించండి. ఒక్కసారిగా ఆపేయమనకండి. పెరగడం లేదంటే పాలపొడి ఎంత పల్చగా కలుపుతున్నారో చూసి, అదే రోజు ఆరోగ్య కేంద్రానికి పంపండి. ఎలాగైనా సరే, రెండు మూడు రోజుల్లో మళ్లీ వెళ్లి రండి.